ఎడమ కాలు కుదిరితే షెడ్డు ఖర్చు తగ్గుతుంది

కారు నేర్చుకునేవాళ్లు స్టీరింగుకి భయపడతారు గానీ, డబ్బులు తినేది క్లచ్. క్లచ్ ప్లేటు మార్చాలంటే గేరుబాక్సు మొత్తం దించాలి. ఎల్‌ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) వచ్చాక లైసెన్సు టెస్టుకి ఎలాగూ 30 రోజులు ఆగాలి. అందులో మొదటి వారం రోడ్డెక్కకుండా, పక్కన లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకుని, ఖాళీ లేఅవుట్‌లోనో నూర్పులైపోయిన కళ్లంలోనో హాఫ్ క్లచ్, అంటే క్లచ్ సగం వదిలి ఆపడం, ఒక్కటే పట్టండి.

క్లచ్ నేలదాకా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు జరుపుకోండి. హవాయి చెప్పులు విప్పేయండి. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను చప్పుడు బరువెక్కి, బానెట్ రవ్వంత లేచిన చోట కాలు ఆపండి. బండి కదిలాక, ఒకటి రెండు లెక్కపెట్టి పూర్తిగా వదిలేయండి. చదును నేల మీద చాలా పెట్రోలు బండ్లు యాక్సిలరేటర్ లేకుండానే కదులుతాయి. కుదుపుతో ఆగిపోతోందంటే కాలు తొందరపడుతోంది. ఇరవైసార్లు చేశాక పది నిమిషాలు విరామం ఇవ్వండి. మాడువాసన వస్తే అంతకంటే ముందే ఆపాలి.

హాఫ్ క్లచ్‌లో ఇంజను ఒక వేగంతో, గేరుబాక్సు ఇంకో వేగంతో తిరుగుతుంటాయి. మధ్యలో ప్లేటు రాసుకుని వేడెక్కుతుంది. రెండు సెకన్లయితే పర్వాలేదు. నాగావళి వంతెన ఎత్తు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు బండిని హాఫ్ క్లచ్‌తో నిలబెట్టి ఉంచడమే ప్లేటుకి ప్రాణాంతకం. అక్కడ హ్యాండ్ బ్రేకు లాగి న్యూట్రల్ చెయ్యండి. కదిలేటప్పుడు ఫస్ట్ గేరు, హాఫ్ క్లచ్, కొంచెం యాక్సిలరేటర్. ముందు భాగం లేచిందనిపించాకే హ్యాండ్ బ్రేకు దించాలి. రథసప్తమికి అరసవల్లిలో, పైడితల్లి సిరిమాను పండగ రోజున విజయనగరంలో అంగుళం అంగుళం పాకకండి. ముందు కారు పొడవంత జాగా వచ్చేదాకా ఆగి, ఒకేసారి కదలండి.

సాలూరు దాటి ఘాట్ ఎక్కేది కాస్త చెయ్యి తిరిగాకే. ఎక్కిన గేరులోనే దిగాలి, న్యూట్రల్‌లో అసలే వద్దు. నూర్పుల కాలంలో రోడ్డు మీద పరిచిన గడ్డి కారు కింద చుట్టుకుంటే, వేడి సైలెన్సర్‌కి తగిలి అంటుకోగలదు. ఆపి, వంగి చూసి, లాగేయండి.

షెడ్డుకి వెళ్లే ముందు జబ్బేంటో మీరే పోల్చుకోవచ్చు. ఫోర్త్ గేరులో యాక్సిలరేటర్ తొక్కితే మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది. ఆగి ఉన్న బండికి రివర్స్ గేరు గరగరమంటూ పడితే క్లచ్ పూర్తిగా విడటం లేదు. క్లచ్‌ని తీగతో లాగే కేబుల్ బండైతే ముందు కేబుల్ సరిచేయించండి, చాలాసార్లు అంతటితో పోతుంది. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ అయితే ఆయిల్ కారుతోందేమో చూడాలి. క్లచ్ తొక్కినప్పుడే అరుపు వస్తే, తొక్కగానే ప్లేటుని విడిపించే రిలీజ్ బేరింగు పోయినట్టు. వదిలినప్పుడు వచ్చి తొక్కితే ఆగిపోతే గేరుబాక్సు లోపలి బేరింగు, క్లచ్ సెట్టు మార్చినా ఆ చప్పుడు పోదు.

మార్చక తప్పనప్పుడు ప్లేటు, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి వేయించండి. ప్లేటొక్కటే వేస్తే మిగిలినట్టే ఉంటుంది గానీ, ఆర్నెల్లకు బేరింగు అరిస్తే గేరుబాక్సు దించిన కూలి మళ్లీ ఇవ్వాలి. గేరుబాక్సు కిందున్నప్పుడే ఇంజను ఆయిల్ కారకుండా ఆపే, క్రాంక్ వెనక సీలు చూడమనండి. సీలు ఖరీదు తక్కువ, దాని కోసం పడే కూలి ఎక్కువ. సామాను, కూలి, గేరు ఆయిల్ విడివిడిగా రాయించుకోండి. పెట్టె మీద ఎంఆర్‌పీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం, బిల్లులో అదే ఉండాలి.

పాత ప్లేటు చేతికివ్వమనండి. రివెట్ల దాకా సమంగా అరిగితే దాని ఆయుష్షు తీరింది. ఆయిల్‌తో తడిసి ఉంటే సీలు కారుతోంది, అది మార్చకుండా కొత్త ప్లేటు బిగించనివ్వకండి. ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలుంటే హాఫ్ క్లచ్ వేడి. కళ్లంలో ఇంకో నాలుగు రోజులు అవసరం.