పక్షవాతం వచ్చినా మా పెద్దమ్మ సొంతింట్లోనే ఉండాది - నా అనుభవం

మా పెద్దమ్మది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. పిల్లలు లేరు, పెదనాయన పోయి చానా ఏళ్ళయింది. పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయినాయి. ఆసుపత్రిలో వైద్యం బాగానే చేశారు, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారులే) ఉంది కాబట్టి డబ్బులు కూడా పెద్దగా కాలా. గొడవంతా డిశ్చార్జి రోజు మొదలైంది. ఒక ఇంగ్లీషు కాగితం, మాత్రలు చేతిలో పెట్టి రోజూ ఫిజియోథెరపీ చేయించండి అన్నారు, పల్లెలో ఎవరు చేస్తారండీ అంటే సమాధానం లేదు. నెల్లూరులో మా ఇంటికి రమ్మంటే "ఆ రెండు రూముల్లో నన్ను కట్టేస్తావా నాయనా, నేను రాను" అనింది.

ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌కి పింఛను సంగతి తెలుసు, మందుల సంగతి తెలీదు. విలేజ్ క్లినిక్ మేడమ్ బీపీ, షుగర్ చూసి మాత్రలు ఊరికే ఇస్తది, సదరం (వికలాంగుల సర్టిఫికెట్) ఆమె పని కాదు. ఎవరి పని వాళ్ళు చేస్తానే ఉండారు, మధ్యలో తిరిగి చచ్చేది మనమే. చివరికి ఆ మేడమే "అందరం ఒకసారి ఇంటికే పోదాం" అనింది. ఆశా, వెల్ఫేర్ అసిస్టెంట్, నేను డబ్బులిచ్చి పిలిపించిన ఫిజియో కుర్రాడు, అందరూ వచ్చారు.

ఆ పిల్లోడు చెయ్యి, కాలు చూడకముందే "అవ్వా, బాత్రూంకి ఎట్ట పోతావో చూపించు" అన్నాడు. దొడ్డి గడప జానెడు ఎత్తు. ఆమె తలుపు రెక్క పట్టుకుని దాటబోతే అది కాస్తా ఊగిపోయింది, ఆశా పట్టుకోకపోతే పడేదే. మేస్త్రీని పిలిచి గడపకి రెండు పక్కలా సిమెంటు వాలు పోయించాం, బాత్రూం దాకా పట్టుకుని నడిచేదానికి పైపు కట్టించాం. పైపు కూడా రెండు వైపులా పెట్టమన్నాడు, ఎందుకంటే ఆమెకి పట్టు ఉండేది కుడిచేతికే, పోయేటప్పుడు ఒక పైపు పనికొస్తే వచ్చేటప్పుడు రెండోది కావాలి. నాకైతే తట్టేది కాదు.

తర్వాత వాట్సాప్‌లో గ్రూపు పెట్టాం. ఒకసారి పాదాలు వాచినాయని ఆశా ఫోటో పెడితే, మేడమ్ ఈ-సంజీవనిలో (దూరంగా ఉండే డాక్టర్‌తో వీడియోలో మాట్లాడే గవర్నమెంటు ఏర్పాటు) డాక్టర్‌తో మాట్లాడించింది, బీపీ మాత్రల్లో ఒకదానికి అట్ట వాపు వస్తదంట, మార్చారు, తగ్గింది. లేకుంటే కారు మాట్లాడుకుని మళ్ళీ నెల్లూరే.

పింఛను సంగతే మెల్లిగా నడుస్తా ఉంది. ఆమెకి వితంతు పింఛను 4000 వస్తది, వికలాంగులదైతే 6000, రెండూ ఇవ్వరు, మార్పించుకోవాల. దానికి సదరంలో 40 శాతం పైన ఉండాల, పక్షవాతానికైతే ఆరు నెలలు దాటితే గానీ పర్సంటేజీ వెయ్యరంట. కాలు కుదురుకుంటదో లేదో చూడాలి కదా అన్నారు, న్యాయమే, కానీ మనిషి సాయం ఎక్కువ కావాల్సింది ఆ ఆరు నెలల్లోనే కదా. 15000 పింఛను మంచం పట్టినోళ్ళకి, ఈమె కర్రతో నడుస్తది కాబట్టి రాదు. సర్టిఫికెట్ వచ్చింది, మార్పు ఇంకా పెండింగే.

పక్కింటి అక్క పొద్దున స్నానం చేయించి, రెండు పూటలా అన్నం పెడతది. ఆ పనికి ఏ స్కీమూ లేదు. మొదట్లో డబ్బులు వద్దనింది, ఇప్పుడు నెలనెలా నేనే ఫోన్‌పే చేస్తా ఉండా.