ముప్ఫై ఏడు ఓట్ల ఊరు

ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ వెళ్లేవాళ్లు మాగ్నెటిక్ ఐలాండ్ చూడడానికో, సముద్రంలో పగడపు దిబ్బలు చూడడానికో వెళ్తారు. 2016 జూలై చివర్లో నేను వెళ్లింది మాత్రం అక్కడి పార్లమెంటు ఎన్నికల ఓట్ల లెక్కింపు కోసం. సిడ్నీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు పట్టుకున్న పిచ్చి అది. "మావయ్యా, అక్కడికి వెళ్లినా లోపలికి రానివ్వరు కదా" అన్నాడు అల్లుడు. ఆ ఊళ్లో ఉంటే చాలన్నాను.

జూలై 2, శనివారం పోలింగ్. అమ్మాయికి అక్కడి పౌరసత్వం ఉంది కాబట్టి ఓటు వేయక తప్పదు. వేయకపోతే 20 డాలర్ల జరిమానా. తనతో పాటు పక్కవీధి స్కూలు దాకా వెళ్లాను. గేటు దగ్గర పిల్లల తల్లిదండ్రులు స్కూలు కోసం డబ్బు పోగు చేస్తూ బ్రెడ్డు ముక్కలో సాసేజ్ పెట్టి అమ్ముతున్నారు. జనం అది తింటూ వరుసలో నిలబడ్డారు. లోపల ఈవీఎంలు లేవు. కాగితం, పెన్సిలు, అట్టతో చేసిన ఓటింగ్ గది. ఎందరు అభ్యర్థులుంటే అందరికీ 1, 2, 3 అని వరుసగా అంకెలు వేయాలి. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల కౌంటింగ్ డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాణ్ణి తీసేసి, ఆ ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచుకుంటూ పోతారు. మన దగ్గర ఒక్క ఎమ్మెల్సీ సీటుకే రాత్రింబవళ్లు పడుతుంది. వీళ్లు 150 సీట్లకూ అదే చేస్తారు.

ఆ రాత్రి టీవీ ముందు నుంచి లేవలేదు. ప్రభుత్వం ఏర్పాటుకు 76 సీట్లు కావాలి. ప్రధాని మాల్కం టర్న్‌బుల్ అర్ధరాత్రి దాటాక మాట్లాడాడు, అప్పటికీ గెలుపెవరిదో తేలలేదు. లెక్కింపు ఆపి, మళ్లీ మంగళవారం మొదలుపెడతామన్నారు. నాకు నోట మాట రాలేదు. దేశాన్ని ఎవరు పాలిస్తారో తెలియకుండా రెండు రోజులు ఊరుకోవడమా! కానీ ఎవరూ రోడ్డెక్కలేదు. పోస్టల్ ఓట్లకు 13 రోజుల గడువుంది, అవి రావాలి కదా అని తీరిగ్గా చెప్పారు. జూలై 10న ప్రతిపక్ష నాయకుడు బిల్ షార్టెన్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కూడా తేలకుండా మిగిలిన సీటు హెర్బర్ట్. టౌన్స్‌విల్ ఉన్నది ఆ నియోజకవర్గంలోనే.

అక్కడ టర్న్‌బుల్ కూటమి సిటింగ్ ఎంపీ యూయెన్ జోన్స్‌కే మొదటి ప్రాధాన్య ఓట్లు ఎక్కువ వచ్చాయి. ప్రాధాన్యాలు పంచుకుంటూ పోయేసరికి షార్టెన్ పార్టీ అయిన లేబర్ అభ్యర్థి క్యాథీ ఓటూల్ 8 ఓట్ల ఆధిక్యంలోకి వచ్చింది. తేడా వందలోపు ఉంటే అక్కడి ఎన్నికల సంఘం తనంతట తానే రీకౌంటింగ్ చేయిస్తుంది. మా తరం వాళ్లకి 1989లో అనకాపల్లి గుర్తుంటుంది. కొణతాల రామకృష్ణ లోక్‌సభకు 9 ఓట్లతో గెలిచారు. ఇక్కడ 8 అనగానే నాకు అదే గుర్తొచ్చింది.

టౌన్స్‌విల్‌లో జూలై అంటే చలికాలమే గానీ చొక్కా చాలు. ఊరి మధ్యలో క్యాజిల్ హిల్ అనే ఎర్రరాతి కొండ, దాని కింద స్ట్రాండ్ అనే సముద్రపు ఒడ్డు. ఆ ఒడ్డున కాఫీ షాపులో, లెక్కింపులో ఒక పార్టీ ఏజెంటుగా కూర్చుంటున్న పెద్దావిడ పరిచయమైంది. కౌంటింగ్ డ్యూటీ సంగతి చెప్పగానే కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఏజెంట్లు కాగితాన్ని ముట్టుకోకూడదట, చూడాలంతే. నా నోట్‌బుక్ అడిగి తీసుకుని పెన్సిల్‌తో ఒక గీత గీసి, దాని తలమీద చిన్న వంపు పెట్టింది. "ఇది ఒకటా, ఏడా?" అంది. నేను ఒకటన్నాను. ఆవిడ ఏడంది. అలాంటి కాగితం వస్తే అవతలి ఏజెంటు అభ్యంతరం చెబుతాడు, రిటర్నింగ్ అధికారి చూస్తాడు, అక్కడా తేలకపోతే రాష్ట్రస్థాయి అధికారికి పంపుతారు. 88 వేలకు పైగా కాగితాలు, ఒక్కొక్కటీ అలాగే చూశారు. "అవతలి పార్టీ అతను నా ఎదురుగానే కూర్చుంటాడు. మధ్యాహ్నం టీ ఇద్దరం కలిసే తాగుతాం" అంది.

ఆ మాట విన్నాక నాకు ఆ నెమ్మది మీద గౌరవం పెరిగింది. వేగంగా చెప్పడం మనకు బాగా వచ్చు, మధ్యాహ్నానికల్లా ఫలితం. కానీ ఓడేవాడి మనిషి ఎదురుగా కూర్చుని ఒక్కో కాగితాన్నీ కళ్లారా చూడడంలో ఉన్న భరోసా వేరు.

ఊళ్లో అసంతృప్తి లేకపోలేదు. టౌన్స్‌విల్‌లో పెద్ద సైనిక స్థావరం ఉంది. పోలింగ్ సమయానికి దక్షిణ ఆస్ట్రేలియాలో శిక్షణలో ఉన్న సైనికుల్లో కొందరు ఓటు వేయలేకపోయారు. ఇంత తక్కువ తేడా ఉన్నచోట అది చిన్న విషయం కాదు, బాధపడ్డవాళ్లను తప్పుపట్టలేను. జోన్స్ పార్టీ కోర్టుకు వెళ్లాలని ఆలోచించింది గానీ చివరికి వెళ్లలేదు.

జూలై 31, ఆదివారం ఫలితం వచ్చింది. ఓటూల్ 37 ఓట్లతో గెలిచింది. టర్న్‌బుల్ కూటమి సరిగ్గా 76 దగ్గర ఆగింది. అందులోంచి స్పీకర్ పోతే సభలో మిగిలేది 75. ఆ 37 ఓట్ల విలువ నేను ఇంటికొచ్చాక తెలిసింది. సెప్టెంబర్ 1న పాలకపక్ష సభ్యులు కొందరు తొందరగా ఇళ్లకు బయల్దేరడంతో, ప్రభుత్వం తన సొంత సభలోనే ఓటింగ్‌లలో ఓడిపోయింది.