పాలక్యానులో చీటీ

పడుకుని గంటైంది. నిద్ర పట్టక లేచి కూర్చున్నాను. మావారి మీద కోపం ఇంకా పోలేదు. మధ్యాహ్నం ఫోన్ చేసి విషయం చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "బంగారం ఉందా?" సాయంత్రం అమ్మా అదే అడిగింది. తమ్ముడైతే "లంకెబిందెలా అక్కా! ఎంతొస్తుందట?" అన్నాడు. అవి ఎవరివని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

పోలెండ్‌లో మేముంటున్న ఇంటి పెద్దావిడని మామ్మ అంటాం. ఆవిడ మేనల్లుడు ష్లెంజా కొండ దగ్గరున్న వాళ్ళ ఊళ్ళో కొట్టం నేల తవ్విస్తున్నాడు. గునపం రేకుకి తగిలింది. చూస్తే పాలక్యాను, మూత చుట్టూ తారు పూసి ఉంది. శనివారం కదా, మామ్మతో నేనూ చిన్నదీ కూడా వెళ్ళాం. 1944 నాటి పేపర్లలో చుట్టిన కాఫీ కప్పులు, పళ్ళేలు. పిడి మీద రెండక్షరాలు చెక్కిన వెండి చెంచాలు. అవే రెండక్షరాలు ఎర్రదారంతో కుట్టిన దుప్పటి, మడతల దగ్గర చివికిపోయింది. ఒక గాజు సీసాలో పెన్సిలుతో రాసిన చీటీ. ఒక్క కప్పుకీ పగులు లేదు. ఎంత జాగ్రత్తగా చుట్టారో! మేం ఇల్లు మారినప్పుడు ప్యాకర్లు కట్టిన సామాను కూడా అంత భద్రంగా లేదు.

మన ఊళ్ళల్లో లంకెబిందెల కథలన్నీ దొరికినవాడి కథలే. పాము కాపలా ఉంటుంది, బలి అడుగుతుంది, బిందెలు రాత్రికి రాత్రే జరిగిపోతాయి. పాతినవాళ్ళు ఎందుకు పాతారో, మళ్ళీ ఎందుకు రాలేకపోయారో నేను విన్న ఏ కథలోనూ లేదు. అందుకేనేమో మావాళ్ళకీ ఆ ప్రశ్న తట్టలేదు. కోపం కొంచెం తగ్గించుకోవాలి. కానీ మేనల్లుడి మీద మాత్రం తగ్గదు. మేం అక్కడ ఉండగానే ఫోన్లో వేలం సైట్లు తిరగేస్తున్నాడు. రేపు స్నేహితుడి దగ్గర మెటల్ డిటెక్టర్ తెస్తాడట. అనుమతి లేకుండా పాత వస్తువుల కోసం డిటెక్టర్‌తో వెతకడం ఈ దేశంలో నేరమని మామ్మ గట్టిగానే చెప్పింది. విన్నట్టు లేడు.

కప్పులు చూస్తుంటే నేను పగలగొట్టిన కప్పే గుర్తొచ్చింది. ఈ ఇంట్లో దిగిన మొదటి వారం మామ్మ కాఫీకి పిలిచింది. నీలం అంచు కప్పు, ఉల్లిపొరలా పల్చగా ఉంది. ఒళ్ళో ఉన్న చిన్నది కాలు విసిరింది. నేల మీద మూడు ముక్కలు. అప్పటికి నాకొచ్చిన పోలిష్ "ప్షెప్రాషం", అంటే క్షమించండి, ఒక్కటే, అదే పదిసార్లు అన్నాను. ఏడుపొచ్చేసింది. మామ్మ నా చెయ్యి పట్టుకుని "పోన్యెమ్యెట్స్కె" అంది. జర్మన్ల తర్వాత మిగిలినది అని దాని అర్థమని తర్వాత తెలిసింది. ఈ వ్రోత్స్వావ్ యుద్ధం అయ్యేదాకా జర్మన్ల ఊరు, తర్వాతే పోలెండ్‌దైంది. ఇక్కడ ఇళ్ళకీ, బీరువాలకీ, సమాధులకీ కూడా అదే మాట వాడతారు. వాళ్ళమ్మకి ఆ కప్పులు ఈ ఇంటి అలమారలోనే దొరికాయట. మనది కాదులే, బాధపడకు అని నన్ను ఓదార్చిందనుకున్నాను. మరి మనది కానిదైతే ఆ ముక్కల్ని చెత్తలో వేయొచ్చుగా? కాగితంలో పొట్లం కట్టి అరలో పెట్టింది. నాలుగేళ్ళయింది, ఆ పొట్లం ఇంకా అక్కడే ఉంది.

1945 జనవరిలో రష్యా సైన్యం దగ్గరికొస్తుంటే, అప్పట్లో బ్రెస్లావ్ అనే ఈ ఊరి నుంచి ఆడవాళ్ళనీ పిల్లల్నీ మంచులో నడిచి వెళ్ళిపొమ్మన్నారు. ఎంతోమంది దారిలోనే చనిపోయారు. జనవరిలో ఇక్కడి నేల రాయిలా గడ్డకడుతుంది, ఆరుబయట తవ్వలేరు. అందుకే కొట్టంలో తవ్వి ఉంటారు. ఆ చెంచాలు చేతిలో ఉన్నంతసేపూ నాది ఒకటే మాట: వాళ్ళ పిల్లలో మనవలో ఎక్కడున్నారో వెతికి ఇచ్చేయాలి. చెక్ దేశం ఉత్తరాన 2015లో ఒకాయన డెబ్బై ఏళ్ళ తర్వాత తన చిన్ననాటి ఇంటికి వచ్చి, వాళ్ళ నాన్న అటక మీద దాచిన చోటు చూపించాడు. డెబ్బై దాకా పొట్లాలు అలాగే ఉన్నాయి. అవి మ్యూజియానికి వెళ్ళాయి, ఆయన చేతికి రాలేదు. అది అన్యాయమని కారులో వస్తూ అన్నాను.

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. యుద్ధం తర్వాత సరిహద్దులు మారి, వాళ్ళమ్మావాళ్ళు ల్వూవ్ దగ్గర పల్లె నుంచి ఒక ఆవుతో, రెండు పెట్టెలతో గూడ్సు బండిలో వచ్చారు. కుట్టుమిషను తల బరువని చెర్రీ చెట్టు కింద పాతి వచ్చారు. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. జర్మన్లు మళ్ళీ వస్తారేమోనని వాళ్ళమ్మ ఒక పెట్టె విప్పనే లేదట. 1970లో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సా వచ్చి, ఈ నేల పోలెండ్‌దేనని ఒప్పుకునే సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెట్టాక విప్పింది. "మా మిషను ఎవరిస్తారు?" అని అడగలేదు మామ్మ. అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్ని? ఆ చెంచాల ఇంటి మగవాడు ఆ యుద్ధంలో ఎవరి ఊరి మీదికి వెళ్ళాడో కూడా నాకు తెలియదు కదా. ఇచ్చేయాలన్న మాట పొద్దున అన్నంత ధైర్యంగా ఇప్పుడు అనలేను. మ్యూజియమే నయమేమో. వేలం మాత్రం వద్దు.

మేనల్లుడి భార్యకి జర్మన్ వచ్చు. చీటీలోని ఆ పాత గొలుసుకట్టు రాత కూడబలుక్కుని చదవడానికి గంట పట్టింది. అది సామాను పట్టీ. కప్పులు 6, పళ్ళేలు 6, చెంచాలు 6, దుప్పటి 1. లెక్క సరిపోయింది. చివరి వరసలో కాఫీ మర 1. అది క్యానులో లేదు.

రెండో క్యాను ఉందని మేనల్లుడి నమ్మకం. రేపు తవ్వేది దానికోసమే. చీటీ రాశాక, మూత బిగించే ముందు ఆవిడ మనసు మార్చుకుని మరని తనతో తీసుకెళ్ళిందని నాకనిపిస్తోంది. తిరిగొచ్చేటప్పుడు మామ్మతో అదే అన్నాను. "చేత్తో తిప్పే మర బరువే," అంది మామ్మ, "కానీ పిల్లలు తిప్పుతారు, వాళ్ళకి ఇష్టం."