వసారా పన్నెండడుగులు

ఈరోజు పొద్దుటి నుంచి ఒకటే చర్చ, వసారా ఎంత వెడల్పు ఉండాలని. రాజోలు వైపు కొబ్బరితోటలో కట్టబోయే ఇంటికి మార్కింగ్ వేయించడానికి వెళ్లాను. ఇంటాయన హైదరాబాద్ నుంచి రాత్రే వచ్చారట. నేను గీసిన ప్లాన్ చూస్తూ, "పన్నెండడుగుల వసారా ఎందుకండీ మేడం? ఆరు చేసేసి, మిగిలిన జాగా హాల్లో కలిపేద్దాం" అన్నారు. మొదటిసారి కలిసినప్పుడు ఆయన కోరింది ఒక్కటే: పగలంతా బయటే గడిపేలా ఇల్లుండాలని. ఆరడుగుల వసారా అటూ ఇటూ నడవడానికి పనికొస్తుంది కానీ, అందులో రోజు గడవదు.

నోటితో చెబితే తేలదనిపించి, మేస్త్రి చేత నేల మీద ముగ్గు పోయించాను. పక్కింటి నుంచి నవారు మంచం తెప్పించి గోడ గీత వెంట వేయించాను. దాని ముందు కుర్చీ వేసేసరికి ఆరడుగుల గీత దాటిపోయింది, ఇక మనిషి నడవడానికి దారేదీ? ఇంటాయన వాళ్లమ్మగారు వచ్చి ఆ మంచం మీదే కూర్చున్నారు. "జల్లు కొడితే ఎక్కడికి లాగుతావురా దీన్ని?" అని కొడుకుని అడిగారు. నేను చెప్పాలనుకున్న మాట ఆవిడే అనేశారు. గాలివానకి చూరు కింద మూడు నాలుగడుగులు తడుస్తాయి. అది పోయాక మిగిలేదే అసలు వసారా. వాన చూస్తూ తడవకుండా కూర్చోలేనప్పుడు ఈ తోటలో ఇల్లు కట్టుకోవడం ఎందుకు?

ఆ వసారాని దక్షిణాన పెట్టింది కూడా ఊరికే కాదు. సాయంత్రం సముద్రపు గాలి అటునుంచే వస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఎండ లోపలికి రాదు. డిసెంబరులో మధ్యాహ్నానికి కూడా దాదాపు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అప్పుడు ఎండ వసారా లోపలిదాకా పాకుతుంది, చలికాలం మనకి కావాల్సింది అదే. పడమర సంగతి వేరు. సాయంత్రం నాలుగు తర్వాత ఎండ ఏటవాలుగా దిగితే ఎంత చూరైనా ఆపలేదు. అందుకే అటువైపు స్టోర్ రూమ్, బాత్‌రూమ్‌లు, మెట్లు పెట్టాను.

ఇంటాయన భయం ఇంకొకటి. ఇంత కప్పు బయటికి వస్తే తుఫాను ఎత్తుకుపోదా అన్నారు. కోనసీమలో 1996 నవంబరు చూసినవాళ్లకి ఆ భయం ఉండి తీరుతుంది. గాలి చూరు కిందకి దూరి కప్పుని పైకి లేపుతుంది. అందుకని వసారా కప్పుని ఇంటి కప్పుకి పొడిగింపుగా వేయడం లేదు. దాని స్తంభాలు, దూలాలు, పునాది బోల్టులు అన్నీ విడి. ఒకవేళ అది పోయినా ఇంటి కప్పు నిలుస్తుంది. ఇది బొమ్మ గీసి చూపించాక ఆయన మొహంలో టెన్షన్ తగ్గింది.

పెంకుల మీద కాయలు పడతాయని కొబ్బరిచెట్లకి ఎడంగా ఇంటిని జరిపాం, రెండు చెట్లు మాత్రం కొట్టక తప్పలేదు. మనసొప్పలేదు. ఇక దోమలు. పక్కనే పంటకాలువ, కాబట్టి చీకటి పడ్డాక బయట కూర్చోవడం కష్టమే. వసారా తూర్పు కొసన ఒక గదంత భాగానికి మెష్ కట్టి, పైన ఫ్యాన్ పెడుతున్నాం. భోజనాలు అక్కడే.

తిరిగి వస్తూ శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావాని తలుచుకున్నాను. 1948లో బెంతోట దగ్గర ఒక పాత రబ్బరు తోట కొని, దాదాపు యాభై ఏళ్లు ఆ తోటని, లునుగంగని, దిద్దుతూనే ఉన్నాడాయన. టీకి ఒక చోటు, భోజనానికి ఇంకో చోటు, అన్నీ తోటలోనే. గదులకన్నా ముందు మనిషి ఏ పూట ఎక్కడ కూర్చుంటాడో ఆలోచించాలని నేను నేర్చుకున్నది ఆయన పని చూసే.

రాత్రి ఇంటాయన ఫోన్ చేశారు. "అమ్మ మంచానికి రెండు వైపులా జాగా ఉండాలంటోందండీ, పన్నెండే ఉంచండి" అన్నారు. హాలు చిన్నదే ఉంటుంది. పొద్దున్న స్ట్రక్చరల్ ఇంజనీరుకి స్తంభాల డ్రాయింగ్ పంపాలి.