సముద్రంలో కొండ

గార్నెట్ గాడు మూడోసారి ఫోన్ చేశాడు. (మన జియాలజీ బ్యాచ్ వాడికి పెట్టిన రాళ్ళ పేరు.) వాడు కమిటీలో ఉన్నంత కాలం ఎవరం తప్పించుకోలేం. "డిసెంబర్‌లో పాత విద్యార్థుల మీట్‌కి సావనీర్ వేస్తున్నాం రా. ఆంధ్రా యూనివర్సిటీకి వందేళ్ళు నిండిన ఏడాది. రెండు పేజీలు రాయి. ఎలాగూ సుత్తి సార్ గురించే రాస్తావు, రాయి" అన్నాడు. వాడు చెప్పినట్టే అవుతోంది.

కట్టమంచి వారి గురించీ, రాధాకృష్ణన్ గారి గురించీ రాయడానికి పెద్దవాళ్ళున్నారు. నాకు 1984 నుంచి 86 దాకా వాల్తేరులో గడిపిన రెండేళ్ళలో గట్టిగా మిగిలినవి మూడు రోజులు. మిగతా రోజుల్లో పరీక్షలు రాశాను, పాసయ్యాను, అవుట్ గేట్ దగ్గర టీలు తాగాను, టీకొట్టు బాబాయ్‌కి పదిహేడు రూపాయలు బాకీ పడ్డాను. (బాబాయ్, ఈసారి తెస్తున్నాను. వడ్డీ అడక్కు.) రెండో ఏడాది ఏం చదివామో ఎవరికైనా గుర్తుంటే చెప్పండి.

సుత్తి సార్ అంటే ఏ సుత్తో మీకు చెప్పక్కర్లేదు. రెండూ నిజమే. ఖొండలైట్ అనే రాయి గురించి మొదలుపెడితే లంచ్ బెల్ కూడా ఆయన్ని ఆపలేకపోయేది. కొండల్లో దొరుకుతుంది కాబట్టి కొండలైట్ అనుకుని చేరినవాళ్ళలో నేనొకణ్ణి. ఖోండు గిరిజనుల పేరు మీద వాకర్ అనే దొర 1902లో పెట్టాడని చెప్పి, ఆ మధ్యాహ్నమే మమ్మల్ని కైలాసగిరి ఎక్కించి, కాలి కింద ఉన్నదేమిటో చెప్పమన్నారు. చార్నకైట్ పాఠం ఇంకా బాగుండేది. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ దొర జాబ్ చార్నక్ సమాధి రాయిని బట్టి వచ్చిన పేరు కదా. "రాయికి మీ పేరు పెట్టాలంటే ఉత్తినే పోతే చాలదయ్యా, మంచి రాయి కింద పోవాలి" అనేవారు. ఆ జోకు మనకి ముందు బ్యాచ్ కూడా విందిట. మనం మాత్రం నవ్వాం.

ఇక ఆ మూడు రోజులు. భీమిలి రోడ్డు మ్యాపింగ్, అంటే ఎక్కడ ఏ రాయి ఉందో పటం గీయడం. బడి వరండాలో పడక, సిలిమనైట్ గాడు మాడ్చిన ఉప్మా. మొదటి రోజు ఎర్రమట్టి దిబ్బల్లో నా చేత మట్టి నమిలించారు. పళ్ళ కింద కరకరలాడితే సిల్టు, జారిపోతే బంకమన్ను. నాకు రెండూ ఒకేలా తగిలాయి. ఆ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కాయని చదివినప్పుడు, నేను నమిలింది ఎంత గొప్ప వస్తువో తెలిసొచ్చింది.

రెండో రోజు మంగమారిపేట దాటాక తలా ఒక దారి ఇచ్చారు. బ్రంటన్ కంపాస్ నడుం దగ్గర పట్టుకోవడం, అద్దంలో చూసి దిశ రాసుకోవడం, అడుగులు లెక్కపెడుతూ నడవడం. సాయంత్రానికి గ్రాఫ్ పేపర్ మీద గీత, గీత చివర కొండ. నా గీత అందరికంటే నీటుగా వచ్చింది. రాత్రి లాంతరు వెలుగులో రంగులు కూడా వేశాను. బొర్రా గాడు అసూయతో నిద్రపోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు.

పొద్దున్నే సార్ షీటు తీసుకుని చాలాసేపు చూశారు. "నీ దస్తూరీ బాగుందయ్యా" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "సముద్రం ఎటు?" అని అడిగారు. తూర్పున అన్నాను. "మరి నీ కొండ?" ఆయన తీరం గీసిన షీటు మీద నాది పెట్టి చూపించారు. నా కొండ బంగాళాఖాతంలో ఉంది. గార్నెట్, ఖొండలైట్ రంగులతో సహా.

అందరూ నవ్వుతున్నారు. నాకు ఏడుపొస్తోంది. సార్ కోప్పడలేదు. నన్ను నిన్నటి చోటికే తీసుకెళ్ళి, కంపాస్ పట్టుకోమని, నా కుడి నడుముకి వేలాడుతున్న సుత్తిని తీసి పది అడుగుల అవతల పెట్టారు. ముల్లు నెమ్మదిగా తిరిగింది. ఇనుము పక్కన పెట్టుకుని ఉత్తరం వెతికానన్నమాట, రోజంతా.

వెనక్కి వస్తూ, "1942లో బాంబులు పడితే యూనివర్సిటీయే గుంటూరు దాకా పోయి తిరిగొచ్చింది. నీ కొండ రాదా? వస్తుందిలే" అన్నారు. ఆ పూటే బ్యాచ్ అంతా కలిసి మీరు నాకు ఈ వ్యాసం పేరు పెట్టేశారు. పెళ్ళి శుభలేఖ మీద కూడా అదే రాసి పంపిన వెధవ ఎవరో నాకు తెలుసు.

తర్వాత అనంతపురం. భూగర్భ జలాల పని, ముప్ఫై ఏళ్ళ పైన. బోరు వేసే పాయింట్ చూపించే ముందు సుత్తి తీసి దూరంగా పెట్టేవాణ్ణి, చేతిలో కంపాస్ లేకపోయినా. జీపు డ్రైవరు అదేదో శాంతి అనుకునేవాడు. నేను చేరినప్పుడు నూట యాభై అడుగులకే నీళ్ళు చూసినవాళ్ళుండేవారు; దిగేనాటికి వెయ్యి అడుగులు దాటిన బోర్లలో దుమ్ము లేవడం చూశాను. పడ్డవీ, పడనివీ రెండు నోటుబుక్కుల్లో రాసుకున్నాను. ఏది లావో చెప్పను. కానీ కల్యాణదుర్గం వైపు ఒక ఊళ్ళో, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే పెద్దాయనా నేనూ ఒకే చోట ఆగాం. రెండున్నర అంగుళాల నీళ్ళు పడ్డాయి. ఆ గొప్ప ఆయనదే అంటారు ఊళ్ళో, నేనూ కాదనలేదు. ఆ బోరు ఇంకా పోస్తోందని మొన్న ఉగాదికి సర్పంచ్ ఫోన్ చేసి చెప్పాడు. ఎందుకు చేశాడో మరి, నన్నడిగి వేసిన బోరు కాదన్నారు కదా.

మా అమ్మాయి కూడా రాళ్ళలోనే పడింది, హ్యూస్టన్‌లో. నేను వద్దన్నా వినలేదని అందరితో చెబుతుంటాను. వాళ్ళకి కంపాస్ ఫోన్‌లోనే ఉంది. ఒకరోజు, "నాన్నా, దిశలన్నీ తప్పొస్తున్నాయి" అంది. ఫోన్ కవర్ తియ్యమన్నాను. కవర్‌కి అయస్కాంతం.

కిందటిసారి మీట్‌కి సార్ వచ్చారు, మనవరాలి చెయ్యి పట్టుకుని. పేరు చెప్పాను, గుర్తు పట్టలేదు. బ్యాచ్ చెప్పాను, తలూపారు. చివరికి, "సముద్రంలో కొండ, సార్" అన్నాను. కళ్ళు చిన్నవి చేసి, ముందు నా కుడి నడుం వైపు చూశారు. ఆ తర్వాతే, "సముద్రం ఎటయ్యా?" అన్నారు.

ఫోటో కావాలన్నాడు గార్నెట్. భీమిలి గ్రూప్ ఫోటో వాడి దగ్గరే ఉంది, వాడే వేసుకోవాలి. వెనక వరస, ఎడమ నుంచి నాలుగోవాణ్ణి. తల సగం తెగింది గానీ సుత్తి స్పష్టంగా పడింది.