వేలు ముడిచి చూపించు

మా పాపకు పదకొండేళ్లు. డల్లాస్ పక్కన మా ఇంటి వెనక నాలుగు బెండ మొక్కలు వేసుకుని నిరుడు వేసవంతా తనే నీళ్లు పోసింది. కాయలు కాశాయి. కోయమంటే కోయలేదు. "ఇంకా పెరుగుతోంది కదమ్మా, ఎందుకు కోయాలి?" అంది. జానెడు పొడుగయ్యాక తెచ్చి చేతిలో పెడితే కత్తి దిగలేదు. ఆ సాయంత్రం బాగా ఏడ్చింది. నేను చంద్రగిరి దగ్గర పెరట్లో పెరిగినదాన్నే. కానీ మా అమ్మ చేసేది చూసి చేయడమే తప్ప, ఎప్పుడు కోయాలో మాటల్లో చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు.

డిసెంబరు సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ చెప్పడమేదో మా అమ్మే చేసింది.

మొదటి పాఠం తిరుపతి మార్కెట్లో. అమ్మ బెండకాయల కుప్ప ముందు కూర్చుని ఒక్కో కాయ కొన విరిచి చూస్తుంటే పాపకు టెన్షన్ వచ్చేసింది. కొనకముందే విరగ్గొట్టొచ్చా అని నా చెవిలో అడిగింది. అంగట్లో వస్తువు పాడుచేయకూడదని నేర్పింది నేనే మరి. అమ్మేఆవిడ ఏమీ అనలేదు, తనూ ఒకటి విరిచి "సూడమ్మా, ఎంత లేతో" అని చూపించింది. టప్పుమంటే లేత, వంగి పీచు సాగితే ముదురు. పువ్వు రాలిన నాలుగైదు రోజులకే బెండకాయ కోతకొస్తుంది, ఎండాకాలమైతే రోజు విడిచి రోజు కోయాల్సిందే. పాప అడిగిన "ఎందుకు కోయాలి?"కి అమ్మ జవాబు: "కాయ ముదరనిస్తే చెట్టు విత్తనమైపోయింది కదాని పూత తగ్గిస్తుంది తల్లీ. లేతగా కోస్తుంటే ఇంకా కాయాల అనుకుంటుంది." వృక్షశాస్త్రమూ ఇదే చెబుతుంది.

పెరట్లో వంకాయ తేలికగానే పట్టుబడింది. నిగనిగలాడాలి, వేలితో నొక్కితే గుంట పడి మళ్లీ పైకి రావాలి. మెరుపు తగ్గిందంటే లోపల గింజ ముదిరినట్టే.

సొర పందిరి కింద మాత్రం చాలాసేపు గడిపాం. మా చిన్నోడు బొటనవేలంత కాయను చూసి "బేబీ సొరకాయ!" అని అరిచి వేలు పెట్టి చూపించాడు. అమ్మ గబుక్కున వాడి చెయ్యి పట్టుకుంది. "పిందె అనాల నాయనా. పిందెను వేలు పెట్టి చూపించకూడదు, కుళ్లిపోతుంది. వేలు ముడిచి చూపించు." పాప నా వైపు తిరిగి నిజమా అంది.

ఇలాంటి చోటే నాకు కష్టం. పిందె ఎందుకు రాలుతుందో నాకు తెలుసు. సొరపువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ రాత్రి మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందకపోతే కింది పిందె పసుపెక్కి ఎండిపోతుంది. అదే చెప్పాను. కానీ అవ్వ మాట తప్పు అనలేదు, అనడం నాకిష్టం లేదు కూడా. వేలు చూపిన పిల్లవాడు తర్వాత పట్టుకుంటాడు, నలుపుతాడు. పిందె జోలికి పోకుండా పిల్లల్ని ఆపడానికి మా ఊళ్లో ఇంతకంటే మంచి మాట నేను వినలేదు. పాప కాసేపు ఆలోచించి, వేలు ముడిచి ఇంకో పిందెను చూపించింది. కాస్త పెరిగిన కాయ మీద నూగు ఎలా ఉంటుందో, గోరు ఎంత తేలిగ్గా దిగుతుందో అమ్మ దాని చెయ్యి పట్టుకుని చూపించింది.

ఆ వారంలో నాకు అర్థమైనదొకటుంది. మా ఇంట్లో మేం తెలుగే మాట్లాడతాం. అయినా పిందె, లేత, దోర, ముదురు అనే మాటలు పిల్లలకు రాలేదు. కూరగాయలన్నీ సంచిలో వస్తే ఆ మాటలతో పనేముంది? తెలుగు తరగతికి పంపితే సరిపోతుందనుకున్నాను. ఈ మాటలకు చెట్టు కావాలి.

సంక్రాంతి దగ్గరపడ్డాక అనపకాయలు, చిక్కుడు జాతివే. లేతగా కోయాలని నేర్చుకున్న పాప ఉత్సాహంగా పలచటి కాయలే ఏరి కోసింది. అమ్మ నవ్వింది. "ఇవి అట్ల కాదు పాపా. చిక్కుడుకాయైతే గింజ రాకముందే కోస్తాం, కాయే తింటాం కాబట్టి. అనపలో తినేది గింజ. గింజ పట్టాల, కాయ ఉబ్బాల, చేతికి వాసన అంటాల." పాపకు మొదట కోపమొచ్చింది, రూలు మార్చేశారని. ఆ రాత్రి ఒలిచిన గింజలు నానబెట్టాం. పొద్దున ముగ్గురూ కూర్చుని ఒక్కో గింజను పితికారు. పొట్టు చేతిలో ఉండిపోయి పచ్చటి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంటే చిన్నోడు లెక్కపెట్టాడు. మధ్యాహ్నం సంగటి, పితికిపప్పు. పాప రెండోసారి వేయించుకుంది.

ఈ ఏడు ఏప్రిల్లో ఇక్కడి అంగట్లో అనప గింజలు దొరికితే కంచె పక్కన పెట్టింది. తీగ కంచె దాటి అల్లుకుంది గానీ ఆగస్టు దాకా ఒక్క పువ్వూ లేదు. పీకేద్దామా అని మావారు అన్నారు. ఫోన్లో అమ్మ ఒప్పుకోలేదు, "పొద్దు తగ్గాల, చలి తగలాల" అంది. పాత రకాల అనప పగళ్లు కురచబడితేనే పూస్తుంది. సెప్టెంబరు చివర్లో పూత కనిపించింది. మంచు పడకముందే గింజ పడుతుందా అని పాప రోజూ వాతావరణం చూసుకునేది.

మొన్న ఆదివారం పొద్దున, అక్కడ సాయంత్రం, పాప వీడియో కాల్ చేసి ఫోను తీగ దగ్గరికి తీసుకెళ్లింది. కాయల గుత్తి పక్కన వేలు ముడిచి పెట్టి, "అవ్వా, కోయొచ్చా?" అంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంకా గింజ పట్టలేదు తల్లీ. నాలుగు దినాలు తాళు."