గిజిగాడు చీల్చిన ఆకు, అగ్గి పట్టిన ఆకు

హాలియా దగ్గర మా పొలం గట్టున ఒక ఈత చెట్టు ఉంది. వానాకాలం వచ్చిందంటే దాని మట్టలకు గిజిగాడి గూళ్లు వేలాడుతాయి. నాట్లు పడగానే వాటిని గడతో రాల్చేద్దామంటాడు మా చిన్నాయన. ఆకు చీలుస్తాయి, గింజ తింటాయి అని ఆయన కోపం. పోయిన సెప్టెంబరులో ఈ విషయం మీద ఆయనతో గట్టిగానే వాదించాను.

ఆ రోజు పొద్దున్నే గట్టు మీద కూర్చుని చూశాను. పసుపు నెత్తి, నల్లని మొహం ఉన్న మగపిట్ట ఒకటి వరి ఆకు అంచును ముక్కుతో కొరికి పట్టుకుని ఎగిరింది. ఆ ఊపుకే జానెడు పోచ సర్రున చీలి వచ్చింది. మిగిలిన ఆకు పచ్చగా అలాగే నిలబడింది. ఒక్క గూటికి ఇలా వందలసార్లు తిరుగుతుంది. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మిగతాది పూర్తి చేస్తుంది. పాలు పోసుకున్న గింజలు తింటుంది, కాదనను. కానీ పిల్లలకు మిడతలు, పురుగులు ఏరి తెచ్చి పెట్టేదీ అదే.

నాలుగు బారల అవతల మరో ఆకు కనిపించింది. దాని మీద నూలు కండె ఆకారంలో మచ్చలు, నడుమ బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. అగ్గి తెగులు! అది ఒక శిలీంధ్రం వల్ల వస్తుంది. దాని బీజం మంచుకు తడిసిన ఆకు మీద మొలకెత్తి కంటికి కనిపించనంత చిన్న బుడగ కట్టుకుంటుంది. అందులో గాలి పీడనానికి 80 రెట్ల దాకా ఒత్తిడి పెంచి ఆకు పొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. కారు టైరులో ఉండేది రెండు మూడు రెట్లే. బుడగకు మెలనిన్ అనే నల్లని రంగు పదార్థం పూత ఉంటేనే ఆ ఒత్తిడి నిలుస్తుంది. మనం కొట్టే ట్రైసైక్లజోల్ మందు ఆ పూతనే పడనివ్వదు. ఇదే తెగులు వరి వెన్ను (కంకి) మెడకు సోకిందా, గింజ పాలు పోసుకోక వెన్నంతా తాలే.

మాది సాంబ మసూరి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ రకం అగ్గి తెగులుకు తట్టుకోలేదు. పైగా చిన్నాయన “పైరు నల్లగా రావాలి బిడ్డా” అంటూ, ముదురు పచ్చగా ఎదగాలని, యూరియా రెట్టింపు చల్లాడు. ఆ తెగులుకు కావలసిందే అది. పిట్ట చీల్చిన ఆకునూ మచ్చల ఆకునూ తెంపి ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు రెండూ తిప్పి తిప్పి చూశాడు.

ఈసారి యూరియా తగ్గించి మూడు దఫాలుగా వేశాం. నిన్న చెట్టు కింద నిలబడి పదకొండు గూళ్లు లెక్కపెట్టాను. వాటిలో రెండు ఇంకా సగమే అల్లి ఉన్నాయి.